తెలియక చంపాం, తెలిసిన తరువాత?

గత విద్యా సంవత్సరం ఫిఖ్‌హ్ తరగతిలో ‘ఖత్లె ఖతా’ ప్రకరణం బోధిస్తున్నాను. ఉద్దేశం లేకుండా, పొరపాటున జరిగిపోయిన హత్య గురించిన అధ్యాయం అది. నిద్రలో ఒక మనిషి ఒత్తిగిలి, పక్కన పడుకున్న వాని మీద పడగా అతడు మరణించాడనుకోండి. ఆ నిద్రించినవాని పరిస్థితి ఏమిటి? మన ఫుఖహాలు తరతరాలుగా చెబుతూ వచ్చిన ఉదాహరణ ఇది. కావాలని చంపినవాని పాపం అతని మీద పడదు. అయినా మృతుని కుటుంబానికి దియత్ చెల్లించవలసిందే, కఫ్ఫారా నెరవేర్చవలసిందే. ఉద్దేశం లేకపోవడం పాపాన్ని తగ్గిస్తుంది గాని బాధ్యతను రద్దు చేయదు. విద్యార్థులకు ఈ భేదం బోధపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది.

ఆ రోజు వెనుక వరుసలో కూర్చునే ఒక కుర్రవాడు లేచి అడిగాడు: “హజ్రత్, పశుపక్ష్యాదుల విషయంలో కూడా ఇంతేనా?” ఇతరుల పశువు మన పొరపాటు వల్ల చస్తే దాని ఖరీదు యజమానికి ఇచ్చుకోవాలని చెప్పాను. “యజమాని లేని పక్షి అయితే?” అన్నాడు. ఎందుకు అడుగుతున్నావన్నాను. వాళ్లది పాడి మీద బతికే కుటుంబం. పూర్వం తమ ఊళ్లో గేదె చస్తే రాబందులు వచ్చి తినేవనీ, ఇప్పుడు ఒక్కటి కూడా రాదనీ వాళ్ల అబ్బా చెబుతారట. పశువులకు వేసిన నొప్పి ఇంజెక్షనే వాటిని చంపిందని పశువుల డాక్టరు అన్నారట. “ఆ ఇంజెక్షన్ మా ఇంట్లో కూడా వేశారు హజ్రత్. మరి దానికి జామిన్ ఎవరు?”

తరగతిలో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మరుసటి రోజు చెబుతానని పుస్తకం మూశాను. ఆ మరుసటి రోజు కొన్ని వారాల తరువాత గాని రాలేదు.

నా వయసువారికి రాబందు కొత్తది కాదు. ఊరి చివర బీడులో చచ్చిన పశువును ఈడ్చి వేసేవారు. తోలు ఒలిచేవారు తోలు తీసుకుపోయేవారు. మాంసం రాబందుల వంతు. కొన్నాళ్లకు ఎముకలు ఏరేవారు గోనెసంచులతో వచ్చేవారు. ఎవరి వంతు వారిది, ఎవరూ ఎవరితోనూ తగాదా పడలేదు. ఆకాశంలో చుక్కల్లా తిరుగుతున్నవి చూస్తుండగానే నేల మీద గుంపుగా దిగేవి. పెద్ద గుంపు దిగితే ఒక ఆవు కళేబరం గంట తిరగకముందే ఎముకల గూడుగా మిగిలేది. పిల్లలం ముక్కు మూసుకుని దూరాన నిలబడి చూసేవాళ్లం. వాటి బట్టతల, వంగిన మెడ, పెనుగులాట చూస్తే అసహ్యం వేసేది. మన భాషలో రాబందు అనేది తిట్టు. అప్పులవాళ్లను, లంచగొండులను రాబందులతో పోలుస్తాం. లంచం పుచ్చుకునే ఏ రాబందునూ నేను చూడలేదు!

1990లకు ముందు భారత ఉపఖండంలో రాబందులు దాదాపు 4 కోట్ల దాకా ఉండేవని అంచనా. తెల్లవీపు రాబందు ఆనాడు ప్రపంచంలోని పెద్ద వేటపక్షులన్నింటిలోకి అత్యధిక సంఖ్యలో ఉన్న పక్షిగా పేరు పొందింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో పని చేస్తున్న విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1990ల మధ్యలో ఒక వింతను గమనించారు. రాబందులు చెట్ల కొమ్మల మీద మెడలు వేలాడదీసుకుని కూర్చుంటున్నాయి, తరువాత రాలిపడి చనిపోతున్నాయి. గూళ్లు ఖాళీ అవుతున్నాయి. 1992 నుంచి 2007 వరకు రోడ్ల వెంట జరిపిన లెక్కింపుల ప్రకారం మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం నశించాయి. పొడవు ముక్కు రాబందు, సన్న ముక్కు రాబందు అనే మరి రెండు జాతులు కలిపి 96.8 శాతం తగ్గిపోయాయి. వెయ్యి పక్షులున్న చోట ఒక్కటి మిగిలిందన్న మాట. అదీ పదిహేనేళ్లలో.

కారణం మొదట ఎవరికీ అంతుపట్టలేదు. అంటురోగమన్నారు, పురుగుమందులన్నారు. చివరకు రహస్యం పాకిస్తాన్‌లోని పంజాబులో బయటపడింది. లిండ్సే ఓక్స్ అనే అమెరికన్ పశువైద్య శాస్త్రవేత్త, ఆయన బృందం అక్కడ చనిపోయిన 259 రాబందులను కోసి పరిశీలించారు. వాటిలో 219 పక్షుల గుండె, కాలేయం వంటి అవయవాల మీద సున్నం చల్లినట్టు తెల్లని పొర కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు పని చేయడం మానేసినప్పుడు అలా పేరుకుంటుంది. ఏ క్రిమీ, ఏ విషమూ దొరకలేదు. ఈ పక్షులు తినేది చచ్చిన పశువులనే కదా, ఆ పశువులకు ఏ మందులు వేస్తున్నారని వారు మందుల దుకాణాలలో విచారించారు. అప్పుడు డైక్లోఫెనాక్ పేరు ముందుకు వచ్చింది. అలా మూత్రపిండాలు చెడి చనిపోయిన వాటిలో పరీక్షించిన 25 రాబందులలోనూ ఆ మందు ఆనవాళ్లున్నాయి. ఇతర కారణాలతో చనిపోయిన 13 రాబందులలో లేవు. 2004లో ఈ పరిశోధన ‘నేచర్’ పత్రికలో వెలువడింది.

డైక్లోఫెనాక్ మనకు తెలియని మందు కాదు. మోకాళ్ల నొప్పులకు, నడుము నొప్పికి మన ఇళ్లలోని పెద్దవారు వాడే మందే. కుంటుతున్న ఎద్దుకు, పొదుగువాపుతో బాధపడే గేదెకు చౌకగా, త్వరగా ఉపశమనం ఇస్తుందని 1990లలో పశువులకు కూడా విరివిగా వాడసాగారు. పశువు బతికితే కొద్ది రోజుల్లో మందు శరీరం నుంచి పోతుంది, ఏ ప్రమాదమూ లేదు. మందు వేసిన తరువాత ఒకటి రెండు రోజుల్లో పశువు చస్తే మాత్రం దాని మాంసం రాబందుకు విషం. పక్షి కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

ఇక్కడ మనిషి ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. రాబందు కడుపులోని ఆమ్లం ఆంత్రాక్స్ వంటి భయంకరమైన రోగక్రిములను సైతం హరించివేస్తుంది. కుళ్లిన దానిని తిని భూమిని శుభ్రపరిచేందుకే అల్లాహ్ దానికి అటువంటి కడుపు ఇచ్చాడు. అలాంటి ప్రాణి, మనం పాలతో మింగే ఒక మాత్రలోని పదార్థానికి లోబడిపోయింది. మరో సంగతి ఇంకా ఆశ్చర్యకరం. పశువులన్నింటికీ ఈ మందు వేయలేదు. నూటికి ఒక్క కళేబరంలో కూడా లేకుండానే ఇంత వినాశనం జరగడానికి సరిపోతుందని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఒక కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి, ఆహారం కోసం చాలా దూరాలు తిరుగుతాయి. పైగా రాబందు సంవత్సరానికి పెట్టేది ఒకే ఒక గుడ్డు. పిల్ల పెరిగి తాను గుడ్డు పెట్టే వయసుకు రావడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. ఎక్కువ కాలం జీవించి తక్కువ సంతానం కనే ప్రాణులన్నింటి బలహీనత ఇదే. పెద్దవి చనిపోతుంటే ఆ లోటు పూడదు.

మన అరబీ గ్రంథాలు చదివినవారికి ఈ విషయం మరింత బాధ కలిగిస్తుంది. అరబ్బులకు రాబందు, అంటే ‘నస్ర్’, దీర్ఘాయువుకు గుర్తు. పూర్వ కాలపు లుఖ్మాన్ బిన్ ఆద్ (దివ్య ఖుర్‌ఆన్‌లో ప్రస్తావించబడిన హజ్రత్ లుఖ్మాన్ వేరు) తనకు ఏడు రాబందుల ఆయుష్షు కావాలని కోరాడనీ, ఏడవదైన ‘లుబద్’ చనిపోయినప్పుడు తానూ మరణించాడనీ వారి గాథ. హిజ్రీ 808లో మరణించిన ఈజిప్టు పండితుడు కమాలుద్దీన్ దమీరీ తన ‘హయాతుల్ హయవాన్’లో ఈ పక్షికి ప్రత్యేక ప్రకరణమే కేటాయించారు. దీర్ఘాయువుకు మారుపేరైన ప్రాణి మన కళ్లెదుట, మన ఒక్క తరంలో, మన చేతుల మీదుగా పోయింది.

అయితే ఏమిటి, తినడానికి పనికిరాని పక్షి, చూడటానికి అసహ్యమైన పక్షి, పోతే పోనీ అనేవారున్నారు. దాని మాంసం హరామ్ అన్నది నిజమే. దానిని చంపవచ్చునని మాత్రం ఎవరూ అనుకోరాదు. ఎక్కడ కనిపించినా చంపవచ్చునని హదీసులో అనుమతించబడిన ఐదు హానికర ప్రాణులలో గద్ద ఉంది, రాబందు లేదు. మన వాళ్లు తరచు రెండింటినీ ఒకటే అనుకుంటారు కనుక చెబుతున్నాను. భూమిపై సంచరించే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మన వంటి సముదాయాలేనని అన్‌ఆమ్ సూరా తెలియజేస్తుంది. ఆ ‘ఉమ్మత్’ అన్న మాటనే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) కుక్కల విషయంలో వాడారు. అవి కూడా ఒక సముదాయం కాకపోయినట్లయితే వాటిని చంపమని ఆదేశించి ఉండేవారన్న భావం గల హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. హిజ్రీ 388లో మరణించిన ఇమామ్ ఖత్తాబీ దీనిని వివరిస్తూ, సృష్టిలోని ఒక సముదాయాన్ని ఏదీ మిగలకుండా పూర్తిగా నిర్మూలించడాన్ని ప్రవక్త (స) ఇష్టపడలేదనీ, అల్లాహ్ సృష్టించిన దేనిలోనైనా ఏదో ఒక వివేకం ఉండనే ఉంటుందనీ వ్రాశారు. ఒక జంతువును చంపడం వేరు, ఒక జాతి ఆనవాలే లేకుండా చేయడం వేరు అనే భేదాన్ని వెయ్యేళ్ల క్రితమే మన పండితులు గుర్తించారు. ఈ హదీసును నేను ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాను. ఖత్తాబీ వాక్యం మీద మాత్రం ఇంతకు ముందు నా దృష్టి నిలవలేదు. ఆ కుర్రవాడి ప్రశ్న వల్ల నిలిచింది.

ఆ వివేకం ఏమిటో రాబందులు పోయాక తెలిసింది. కళేబరాలు బీడులలోనే కుళ్లాయి, నీళ్లలో కలిశాయి. రాబందుల వంతు మాంసం ఊరకుక్కల పాలయింది. 1992కూ 2006కూ మధ్య కుక్కల సంఖ్య అదనంగా కనీసం 55 లక్షలు పెరిగిందనీ, కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్‌తో అదనంగా 47 వేలకు పైగా మనుషులు మరణించి ఉంటారనీ 2008లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు, ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్, మరింత లోతుగా లెక్క తీశారు. పూర్వం రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలలో మనుషుల మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగిందనీ, 2000 నుంచి 2005 వరకు ఐదేళ్లలో దాదాపు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయనీ వారి నిర్ధారణ. ఆ మృతులలో ఎవరికీ తాము ఒక పక్షి లేకపోవడం వల్ల మరణిస్తున్నామని తెలియదు. మృతదేహాలను దఖ్మాలలో పక్షులకు అప్పగించే పార్శీ సోదరుల ఆచారం కూడా చిక్కుల్లో పడింది. ముంబైలో సూర్యకాంతిని కేంద్రీకరించే అద్దాలు అమర్చుకోవలసి వచ్చింది. (ఊరకుక్కల మాట వచ్చింది కనుక ఒక్క మాట. బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలను వీధి మలుపుల్లో పడవేసి ఇంటికి వెళ్లిపోయేవారు ఆ కుక్కలను ఎవరు పోషిస్తున్నారో ఆలోచించుకోవాలి.)

ఇక ఆ కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. యజమాని లేని ప్రాణికి జామిన్ ఎవరు? వెతకగా వెతకగా నా చూపు మాయిదా సూరాలోని ఇహ్రామ్ నియమం మీద ఆగింది. ఇహ్రామ్ స్థితిలో ఉన్న హాజీ అడవి జంతువును వేటాడితే దానికి పరిహారం చెల్లించాలి. ఆ జంతువుకు మనుషులలో యజమాని ఎవరూ లేరు. అయినా పరిహారం ఉంది, ఎందుకంటే అది అల్లాహ్ హక్కు. పొరపాటున చంపినా పరిహారం తప్పదన్నది నాలుగు మజ్‌హబుల ప్రసిద్ధ అభిప్రాయం. ఈ నియమం ఇహ్రామ్‌కూ, హరమ్ ప్రాంతానికీ సంబంధించినది. దీనిని రాబందులకు వర్తింపజేసి నేను ఫత్వా ఇవ్వడం లేదు, ఆ అర్హత నాకు లేదు. కాని యజమాని లేని ప్రాణి కనుక అడిగేవారెవరూ లేరన్న మాట, తెలియక చేశాం కనుక ఇక మనకు సంబంధం లేదన్న మాట, రెండూ మన ధర్మశాస్త్ర స్వభావానికి సరిపడవని మాత్రం చెప్పగలను.

ఇందులో దుర్మార్గులెవరూ లేరన్నది నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. రైతు తన పశువు బాధ చూడలేక మందు వేయించాడు. మూగ పశువుల విషయంలో అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించిన ప్రవక్త (స) అనుచరునికి అది పుణ్యకార్యమే. కాని కరుణకు జ్ఞానం తోడు లేకపోతే ఏమవుతుందో కూడా మన ధర్మం చెప్పింది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి జామిన్ అవుతాడన్న భావం గల హదీసును మనం అబూ దావూద్‌లో చదువుతూనే ఉన్నాం.

2004 వరకు జరిగినది ‘ఖతా’. ఎవరికీ తెలియదు. ఆ తరువాత జరిగినదానికి ఆ పేరు పెట్టడం కష్టం. 2006లో భారత ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించింది. నేపాల్, పాకిస్తాన్ కూడా అదే ఏడాది, బంగ్లాదేశ్ 2010లో నిషేధించాయి. అదే పని చేసే మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదని కూడా 2006 నాటికే రుజువైంది. అయినా మన దేశంలో మనుషుల కోసం తయారైన 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు పశువుల కొట్టాలకు చేరుతూనే వచ్చాయి. మనిషికి ఒక మోతాదు 3 మిల్లీలీటర్లే. అంత పెద్ద సీసా ఎవరి కోసమో అమ్మేవానికీ తెలుసు, కొనేవానికీ తెలుసు. 2015లో గాని ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేయలేదు. రాబందులకు ఇదే విధంగా ప్రమాదకరమైన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను 2023లోనూ, నిమెసులైడ్‌ను ఆ తరువాతనూ పశువైద్యంలో నిషేధించారు. ఒక్కొక్క మందుకు ఇన్నేళ్లు! కీటోప్రొఫెన్‌ను మనకంటే రెండేళ్ల ముందే, 2021లో బంగ్లాదేశ్ నిషేధించింది.

జాతులు అంతరించడానికి కారణం అన్నిచోట్లా మందులు కావు. 2019లో ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలోని నిపుణుల సంస్థ సుమారు 10 లక్షల జీవజాతులు ప్రమాదంలో ఉన్నాయని ప్రకటిస్తూ, అడవులను బీళ్లను పొలాలుగా, పట్టణాలుగా మార్చడాన్ని భూమిపై మొదటి కారణంగా చెప్పింది. మితిమీరిన వేట, వాతావరణ మార్పు, కాలుష్యం, బయటి నుంచి తెచ్చిన జీవుల బెడద ఆ తరువాతివి. మన కడప జిల్లా ముళ్లపొదల్లో తిరిగే కలివికోడి కథ ఇటువంటిదే. ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనిపించింది. కనిపించింది గాని దాని పొదలు తరుగుతూనే ఉన్నాయి. ఆ కథ ఎంత పొడవైనదో, అందులో మన అవసరాలు ఎన్ని ఉన్నాయో వేరుగా వ్రాయాలి. రాబందు విషయం అంత చిక్కు కాదు. అడవిని వదులుకోనక్కరలేదు, భూమిని వదులుకోనక్కరలేదు. ఒక మందుకు బదులు మరొక మందు వాడితే చాలు.

అది జరిగిన చోట ఫలితం కనిపిస్తున్నది. 2011 తరువాత లెక్కింపులలో పతనం దాదాపు ఆగినట్టు తేలింది. 2015 నాటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు సుమారు 6 వేలు, పొడవు ముక్కువి 12 వేలు, సన్న ముక్కువి వెయ్యి మిగిలాయని అంచనా. హర్యానాలోని పింజోర్‌లోనూ, మన హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలోనూ వాటిని పెంచుతున్నారు. నేపాల్‌లో 2006 నుంచి గ్రామస్థులే మందు లేని కళేబరాలను రాబందుల కోసం ప్రత్యేక స్థలంలో ఉంచుతున్నారు. తెలంగాణలోని కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, ప్రాణహితకు చేరువగా పాలరాపు గుట్ట అనే కొండ ఉంది. 2013లో ఆ కొండచరియల మీద పొడవు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. పదుల సంఖ్యలోనే ఉన్న ఆ పక్షుల కోసం అటవీ శాఖవారు కళేబరాలను అందుబాటులో ఉంచే ఏర్పాటు చేశారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఒక గేదెకు ఏ ఇంజెక్షన్ వేస్తారన్న దాని మీదే ఆ గూళ్ల భవిష్యత్తు ఆధారపడి ఉంది.

ఇదంతా తరగతిలో చెప్పాను. పాడి ఉన్న ఇళ్ల పిల్లలు నలుగురున్నారు. పశువుకు నొప్పి మందు పశువుల డాక్టరుతోనే వ్రాయించాలనీ, మెలోక్సికామ్ ఇవ్వవచ్చునా అని అడగాలనీ, మందుల దుకాణం నుంచి మనుషుల ఇంజెక్షన్ తెచ్చి వేయరాదనీ, వేసిన పశువు చస్తే లోతుగా పూడ్చాలనీ వారి చేత వ్రాయించాను. ఫిఖ్‌హ్ నోట్సులో ఇదేమిటని ఒకడు గొణిగాడు. ‘జమాన్’ అధ్యాయం కింద వ్రాసుకోమన్నాను.

రంజాన్ సెలవుల తరువాత షవ్వాల్‌లో మదరసా తెరిచిన రోజు ఆ కుర్రవాడు నా గదికి వచ్చి జేబులోంచి ఒక ఖాళీ మందు డబ్బా తీసి చేతిలో పెట్టాడు. అక్షరాలు మరీ చిన్నవి. కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లి చదివాను, మెలోక్సికామ్ అని ఉంది. వాళ్ల అబ్బా డాక్టరును అడిగి మార్పించారట. పాత మందు సీసా మాత్రం కొట్టం గూట్లో సగం మిగిలి ఉందట, పారవేయడానికి ఆయనకు చేయి రావడం లేదట. డబ్బు పోసి కొన్నది కదా. ఏమి చేయమంటారు హజ్రత్ అన్నాడు. పశువుల ఆసుపత్రిలో అప్పగించమన్నాను. జుమా నాడు తానే వెళ్లి ఇచ్చి వస్తానని సెలవు అడిగాడు. ఇచ్చాను.